మా పోశవ్వత్త గాజుల చప్పుడు

నిన్న పొద్దున బెల్లంపల్లి నుంచి మా తమ్ముడి ఫోన్. "అక్కా, పోశవ్వత్త పోయింది" అన్నాడు.

మొన్ననే కదా ఫోన్‌లో మాట్లాడింది! ఎప్పటిలాగే మొదటి ప్రశ్న మా మనవరాలు చిన్ని గురించే. పిల్ల ఇన్‌హేలర్ చేతికి అందేచోట పెట్టావా అని.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

డెబ్బై దాటిన దానికి భయమేమిటని నవ్వకండి. నిజంగా భయంగానే ఉంది. చిన్నికి ఆయాసం వచ్చినప్పుడల్లా నేను ఫోన్ చేసేది ఆమెకే. ఇక ఎవరికి చెయ్యాలి?

పోశవ్వత్త మా బాపు చెల్లెలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేం బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆమెది పక్క క్వార్టరే. నాకేమో చిన్నప్పటి నుంచీ దమ్ము. ఇప్పుడు ఆస్తమా అంటున్నారు.

సాయంత్రమైతే మా క్వార్టర్ల లైన్ అంతా పొగే. పాత బకెట్‌కు మట్టి మెత్తి చేసిన పొయ్యిలో పచ్చి బొగ్గు పోసి, ప్రతి ఇంటి ముందూ రాజేసేవాళ్లు. పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాకే పొయ్యిని లోపలికి తీసుకెళ్లేవాళ్లు. ఇంట్లోకి పొగ రాకూడదని బయట పెట్టేవాళ్లన్నమాట. ఆ బయట పొగంతా ఎవరింట్లోకి పోతుందో ఎవరూ ఆలోచించలేదు.

ఒక చలికాలం సాయంత్రం నాకు ఊపిరి ఆగినంత పనైంది.

అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. బాపు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో బాపు వాళ్లమ్మ, మా బాపమ్మ ఒక్కతే. ఆమెకు నేనంటే ప్రాణం. చలిగాలి తగిలిందని తలుపులు మూసింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. నాకు గొంగడి చుట్టి, నిప్పుల మీద సాంబ్రాణి, వాము వేసి నా మొహం ముందు పెట్టింది. మా వైపు అందరూ చేసేది అదే. పాపం, ఆమెకేం తెలుసు?

లైన్‌లో ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకామె అప్పుడే శోకాలు మొదలుపెట్టింది. గాలి తీసుకుందామంటే పొగే వస్తోంది. అరుద్దామంటే గొంతు రావడం లేదు.

చచ్చిపోతున్నాననుకున్నాను. ఏడేళ్ల పిల్లకు ఆ మాట ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. తెలిసింది.

అప్పుడే నల్లా దగ్గర్నుంచి అత్త వచ్చింది. బిందె గడపలోనే పెట్టేసి, నిప్పుల చట్టి తీసుకెళ్లి బయట పెట్టింది. అందరినీ బయటికి పొమ్మంది. గొంగడి లాగేసింది. వెనక తలుపు తీసింది. నన్ను లేపి కూర్చోబెట్టి, కొద్దిగా ముందుకు వంచి, నా వెనక తను కూర్చుంది.

నా వీపు మీద ఆమె చెయ్యి. గాజులు గలగలమంటున్నాయి.

ఆ చెయ్యి వణుకుతోందని నాకు అర్థమైంది. అత్తే భయపడుతోందంటే ఇక నా పని అయిపోయినట్టే అనుకున్నాను. నా ఊపిరి ఇంకా బిగుసుకుపోయింది.

ఆమె అది కనిపెట్టింది. గాజులన్నీ మోచేతి వైపు బిగుతుగా నెట్టుకుంది.

చప్పుడు ఆగిపోయింది.

"నేనేడికి పోను బిడ్డా. మెల్లగ ఊపిరి ఇడువు. నాతోని ఇడువు" అంది.

తర్వాత నన్ను ఎత్తుకుని డిస్పెన్సరీకి పరుగు తీసింది. బాపమ్మ వెనక నుంచి అరుస్తూనే ఉంది, పిల్లకు గాలి తగులుతుందని. సూది వేశాక గానీ నా ఊపిరి నాకు రాలేదు.

మర్నాటి నుంచి అత్త ఇంటింటికీ తిరిగింది. పొయ్యిలు లైన్ చివర, గాలి అటు పోయేచోట రాజేయమని బతిమాలింది. నీ మేనకోడలి కోసం మేం పొయ్యిలు మొయ్యాలా అని కొందరు మొహం మీదే అన్నారు. అయితే నేనే మోస్తానంది. మోసింది కూడా! కొన్నాళ్లకు వాళ్లకే సిగ్గేసి ఎవరి పొయ్యి వాళ్లు తీసుకెళ్లడం మొదలుపెట్టారు.

బడికి వెళ్లి సార్‌తో మాట్లాడింది. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టమంది, బోర్డు తుడిపించొద్దంది. కానీ ఆటలు మాన్పించొద్దని కూడా చెప్పింది. బాపమ్మ ప్రకారమైతే నేను ఆడకూడదు, పెరుగు తినకూడదు, గడప దాటకూడదు. అత్త మాత్రం తొక్కుడుబిళ్ల ఆడుకోమని పంపి, దూరం నుంచి చూస్తూ ఉండేది. గొంతు కింద గుంట పడుతోందంటే ఇక ఇంట్లో ఉంచేది కాదు, నేరుగా డిస్పెన్సరీకే.

అప్పట్నుంచి నా వెనక కూర్చునే ముందు ప్రతిసారీ గాజులు పైకి నెట్టుకునేది.

పెద్దయ్యాక అడిగాను, అంత ధైర్యం ఎక్కడిదని. "ధైర్యమేడిది? పానం గజగజ వణికేది. మనకు భయమైతది బిడ్డా, గని అది పిల్లకు ఇనవడొద్దు" అంది.

నిన్న ఫోన్ పెట్టేసి నేను గట్టిగా ఏడ్చాను. నన్ను చూసి చిన్ని ఏడ్చింది. ఏడుపు కాస్తా దగ్గైంది. దగ్గు కాస్తా పిల్లికూతలైంది. ఇన్‌హేలర్ ఇచ్చినా తగ్గలేదు. గొంతు కింద గుంట పడుతోంది.

నా చేతులు వణికాయి. గాజులు గలగలమన్నాయి. చిన్ని వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.

గాజులు పైకి నెట్టుకున్నాను.

ఇక్కడే, కరీంనగర్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లాం. మాస్క్ పెట్టి మందు ఇచ్చినంతసేపూ దాని వెనకే కూర్చున్నాను. అది తేరుకుని ఆకలేస్తోందని అడిగేసరికి, బెల్లంపల్లిలో అత్తను తీసుకెళ్లిపోయారు.

కడసారి చూపుకు రాలేకపోయాను అత్తా. పిల్ల వెనక కూర్చున్నాను. చాలా భయపడ్డాను.

దానికి మాత్రం వినపడనివ్వలేదు.

పొగ లేని చోట నిమ్మళంగా ఉండు.