ముసలి పుంజుల బంతి

చిల్కానగర్ నుంచి చెంగిచెర్ల కోళ్ల ఫారానికి వెంకటనర్సమ్మ రోజూ మొగుడు రాజయ్య బండి వెనక కూర్చుని పోయేది. అంతకుముందు ఆమెది పెళ్లిళ్లలో వడ్డించే పని. ఆమె బంతిలో గరిటె పట్టుకుని నడిస్తే ఎవరి విస్తరిలోనూ ముద్ద ఎక్కువా పడేది కాదు, తక్కువా పడేది కాదు. పెళ్లికొడుకు మేనమామ కసిరినా అంతే. ఆ గుణమే తమ కొంప ముంచిందని రాజయ్య ఈనాటికీ అనుకుంటాడు.

ఫారంలో ఇద్దరిదీ జంట పని. రాజయ్య పుంజు కాళ్లు కలిపి పట్టి తొడకు ఆనించుకునేవాడు. వెంకటనర్సమ్మ దాని వీపును తోక దాకా నిమిరేది. తోక లేచేది. గాజు గొట్టంలో పాలచుక్కంత వీర్యం పడేది. దాన్ని పెట్టలకు ఎక్కిస్తే పిల్లలయ్యే గుడ్లు వచ్చేవి. కొత్తలో సిగ్గుతో ముఖం తిప్పుకునేది గానీ, పోను పోను ఆమె చెయ్యి తగిలితే తప్ప పుంజులు లొంగేవి కావు.

"నా ఈపు ఎన్నడన్న గిట్ల నిమిరినవా?" అనేవాడు రాజయ్య.

"నిమిరితే నువ్వేమిస్తవ్? పుంజే నయం, సుక్కన్న ఇస్తది."

పుంజులు ముసలివయ్యాయి. చుక్క నీళ్లలా పలచబడింది. గుడ్లు పొదిగించినా సగం పిల్లలు కావడం లేదు. పుంజుల్ని కోతకు అమ్మేసి, షెడ్డు తీసేసి ప్లాట్లు చేస్తానన్నాడు ఓనరు. అప్పుడు కోళ్ల డాక్టరు గిరిప్రసాద్ నాచారం నుంచి ఒక తెల్లపొడి తెచ్చాడు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లమట. దాణాలో కలిపి పెడితే ముసలి పుంజుల వీర్యం కూడా బాగుపడొచ్చట.

"ఎడమ వరుసకు పొడి కలిపిన దాణా, కుడి వరుసకు మామూలు దాణా. పొడితో గుణం కనిపిస్తే షెడ్డు ఉంచుతామన్నారు. మీ పనీ ఉంటుంది. జాగ్రత్త నర్సమ్మా!" అన్నాడు.

"అట్లనే సార్."

ఎందుకు వేరు చేయాలో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. కుడి వరుసలో మెడ ఈకలు రాలిన ఎర్రపుంజు ఒకటుండేది. ఎడమ వరుసకు దాణా పోస్తుంటే అది ఊచల్లోంచి మెడ చాచి చూసేది. ఆమె ఓర్చుకోలేకపోయింది. పొడిని అన్నిటికీ పంచసాగింది.

"సార్ ఎడమదానికే పెట్టుమన్నడు గదనే?"

"బంతిల కూసోవెట్టి ఒకలకు ఏసి ఒకలకు ఎగ్గొడ్తరా? పాపం తలుగుతది. అన్నీ మంచిగైతె సార్‌కే పేరు."

రాజయ్యకు ఆ మాట సబబుగానే తోచింది.

చలి మొదలయ్యేసరికి గొట్టాల్లో చుక్క చిక్కబడింది, రెండు వరుసల్లోనూ. ఆమె మురిసిపోయింది. మైక్రోస్కోపులోంచి తలెత్తిన గిరిప్రసాద్ ముఖంలో మాత్రం నెత్తురు లేదు.

"పొడి తినని వాటికీ ఇంతే ఉంది. ఎండ తగ్గి అన్నీ తేరుకున్నట్టున్నాయి, ఎండలొస్తే మళ్లీ మొదటికే. పొడి వల్ల ఒరిగిందేమీ లేదని ఓనర్ గారికి చెప్పేశాను."

"తినకపోవుడేంది సార్? అన్నిటికీ పెట్టిన. వలపక్షం జెయ్యలే," అందామె నవ్వుతూ.

గిరిప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు. తేడా చూపించడానికే ఒక వరుసకు పెట్టొద్దన్నానని అప్పుడు చెప్పాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మల్ల మొదలువెట్టున్రి సార్. గీసారి మీరు జెప్పినట్టే జేస్త. తప్పు నాదేనని ఓనర్‌కు నేనే జెప్త."

"వద్దమ్మా. నేను దగ్గరుండి చూడలేదని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఈ మాట ఎవరితోనూ అనకు."

ఆమె అనలేదు. మర్నాడే లారీ వచ్చింది. పుంజుల్ని తనే ఒక్కొక్కటిగా బయటికి తీసింది. వీపు మీద చెయ్యి పడగానే ఎర్రపుంజు అలవాటుగా తోక లేపింది. ఆమె దాన్ని రాజయ్య చేతుల్లో పడేసి గోడవైపు తిరిగి నిలబడింది.

తర్వాత నాచారంలో ఒక కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. ఆ ఎండాకాలమే, చీపురు చేతిలో ఉండగానే గుండె ఆగింది.

దినాల నాడు చిల్కానగర్ ఇంటి ముందు షామియానా కింద బంతి సాగింది. గిరిప్రసాద్ కూడా వచ్చి చివర్లో కూర్చున్నాడు. రాజయ్య అన్నం గంప పట్టుకుని వస్తున్నాడు. ఆయన విస్తరి దగ్గరికి రాగానే దాటిపోవాలనిపించింది. దాటిపోతే అడిగేవాళ్లు లేరు. గరిటె కాసేపు గాల్లోనే ఆగింది.

"చాలా మంచి మనిషి నర్సమ్మ," అన్నాడు గిరిప్రసాద్ తలెత్తకుండా. అన్నం పడ్డాక, "చాలు చాలు, ఎక్కువైంది," అన్నాడు.

"పక్కాయనకు ఎంతేసిన్నో మీకూ గంతే సార్," అన్నాడు రాజయ్య. "తేడా సూపిచ్చుడు మాకు రాదు."