ఉల్టా గొల్లభామ

ఆ పేజీని మొదటిసారి చూసిన రోజు డైరీలో "కండ్లు మండినయి" అని రాసుకున్నాను. ఎర్రటి రంగు మీద పసుపు అక్షరాలు, అవి కూడా ఆరుతూ వెలుగుతూ. పైన "జై తెలంగాణ" అని ఒక వరస కుడి నుంచి ఎడమకు పరుగెత్తేది. కింద ఒక మూలన, తపాలా బిళ్ళంత ఫొటోల్లో మా నాన్న, అంటే బాపు, నేసిన గొల్లభామ చీరలు. చీర వెనుక మా ఇంటి గోడ, గోడకు వేలాడే గొడుగు కూడా కనిపించేవి.

అది మా ఆన్‌లైన్ దుకాణం. సిద్దిపేట బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే భాయ్ తయారు చేసి ఇచ్చాడు. కాలేజీకి పోయే ముందు పొద్దున పూట నేను ఆయన దగ్గర దరఖాస్తులు, బయోడేటాలు టైపు చేసేదాన్ని.

అది సమ్మె ఏడాది. ఆఫీసులకు తాళాలు, బస్సులు డిపోలో. చౌరస్తాలో దీక్షా శిబిరం. రోడ్డు మీదనే వంటలు, రోడ్డు మీదనే బంతి భోజనాలు. బాపు కూడా నేతోళ్ళ వంతు వచ్చిన రోజు మెడలో గులాబీ కండువాతో శిబిరంలో కూర్చొని వచ్చాడు. సొసైటీ నూలు ఇవ్వడం ఆగిపోయింది. గుంట మగ్గం మీద పడుగు అయిపోయింది. నేసినవి మూడు చీరలు అవ్వ, అంటే అమ్మ, తన పెట్టెలో పెట్టింది, కొనేవాళ్ళు లేరు.

మహారాష్ట్రలోని భివండి నుంచి మేనమామ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, మరమగ్గాల దగ్గర పని ఉంది రమ్మని. బాపు ఒక పొద్దున చాయ్ తాగుతూ తేల్చేశాడు.

"గీ కంపూటర్ దుకాణంల మూడు చీరలు పోతే కొత్త పడుగు ఎక్కిస్త. దసరా దాక చూస్త. లేకుంటె భివండి."

అవ్వ చాయ్ గిన్నెలు ఎత్తుకొని లోపలికి పోయింది. మా ఇంట్లో ఎక్కువ మాట్లాడని మనిషిని నేనే. కానీ ఆ రోజు భాయ్ దగ్గరికి పోయి, పేజీ నేను మారుస్తానని అడిగాను. అడగడానికి ముందు రెండుసార్లు మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చాను.

డిజైన్ నాకు ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ పుస్తకాలే నేర్పాయి. మంచి పుస్తకంలో అక్షరాల చుట్టూ ఖాళీ జాగ ఉంటుంది. ఆ ఖాళీ వల్లనే చదవబుద్ధి అవుతుంది. నేను ఎర్ర రంగు తీసేసి తెల్లగా చేశాను. ఆరి వెలిగే అక్షరాలు తీసేశాను. చీరను ఇంటి ముందు మంచం మీద పరిచి, పొద్దుటి వెలుగులో మళ్ళీ ఫొటో తీశాను. నెత్తిన కుండ, చేతిలో చెంబు, కుచ్చుల లంగా, అన్నీ కనిపించేటట్టు ఒక్క గొల్లభామను పెద్దగా పెట్టాను.

భాయ్ వచ్చి వెనుక నిలబడ్డాడు.

"యా అల్లా! గిదేంది బేటీ, దుకాణాన్ని దవాఖాన చేసినవు? దూది, సూది ఒకటే తక్కువ."

"తెల్లగ ఉంటే చీర కనవడతది భాయ్."

"ఉరికే జై తెలంగాణ ఏడ పోయింది? ఉద్యమాన్ని ఆపేసినవా?"

"కింద ఉన్నది. ఉరుకుతలేదు, నిలవడ్డది."

ఆయన నవ్వాడు. "సరే తీ. నిలవడితెనే తెలంగాణ వస్తదేమో."

ఒక్కటి మాత్రం నాకు కుదరలేదు. ఫొటో ఎడమ వైపు, రాత కుడి వైపు. గొల్లభామ ఏమో ఎడమకు తిరిగి ఉంటుంది. రాతకు వీపు పెట్టి, పేజీ దాటి బయటికి నడిచిపోతున్నట్టు ఉంది. బొమ్మ ముఖం రాత వైపు ఉండాలని నెట్‌లో ఎక్కడో చదివాను. రాతను అటు, ఫొటోను ఇటు మార్చి చూస్తే పేజీ మొత్తం చెదిరిపోయింది. చివరికి ఫొటోనే అద్దంలో తిప్పినట్టు తిప్పేశాను. ఒక్క మీట నొక్కితే అయిపోయింది. గొల్లభామ కుడికి తిరిగింది. రాత వైపు నడిచి వస్తున్నట్టు ఎంత బాగుందో. చీరకు రెండు అంచులూ ఒక్కతీరే కాబట్టి తిప్పినట్టు ఎవరికీ తెలియదు.

అయినా భయం వేసింది. బాపును పిలిచి చూపించాను. తిప్పానని చెప్పలేదు. "ఎట్లున్నది బాపు?" అని మాత్రం అడిగాను.

బాపు కుర్చీలో ముందుకు జరిగి, తెర మీద వేలు పెట్టి కుండ నుంచి కాళ్ళ దాకా నెమ్మదిగా దించాడు. ముఖం వెలిగింది.

"అచ్చం గట్లనే ఉన్నది బిడ్డా. మగ్గం మీద నాకు ఎట్ల కనవడతదో గట్లనే."

ఇక నాకు అనుమానం ఏముంటుంది? ముప్పై ఏండ్లుగా నేసే మనిషే అన్నాడు. అవ్వకు మాత్రం చూపించలేదు. నెట్ సెంటర్ నిండా మగపిల్లలు ఉంటారని అవ్వ అటు వచ్చేది కాదు.

వారం తిరగకముందే హైదరాబాద్ నుంచి ఒకామె చీర కావాలని రాసింది. "ఫొటోలో ఉన్నదే పంపండి" అంది. బస్సులు లేవు కాబట్టి అటు పోయే ఒక కారులో పార్సల్ పంపాము. మరునాడు ఇంకొకామె రెండో చీర సంగతి అడిగింది. బాపు ఆ సాయంత్రం మగ్గం గుంటలోకి దిగి బూజు దులిపాడు. అవ్వ కండెలు చుట్టే రాట్నం తుడిచి పెట్టుకుంది.

దసరాకు నాలుగు రోజుల ముందు పార్సల్ తిరిగి వచ్చింది. హైదరాబాద్ ఆమె మాటలు మా పేజీ కింద అందరికీ కనిపించేటట్టు పడ్డాయి. ఫొటోలో బొమ్మ కుడి వైపు చూస్తోందట. చీరలో అట్లా కుడికి చూసేది దారం కొసలు తేలిన వెనుక దిక్కేనట. ఉల్టా నేసిన చీరను అంటగట్టామని రాసింది. రెండో చీర అడిగిన ఆమె మళ్ళీ రాయలేదు. జవాబు మూడుసార్లు టైపు చేసి మూడుసార్లు తుడిపేశాను.

ఇంట్లో అవ్వ చీర విప్పి మంచం మీద పరిచింది. నేను ఆ మాటలు చదివి వినిపించాను.

"మన భామ కుడి దిక్కు ఎప్పుడు చూసింది?" అంది అవ్వ. "ప్రతి చీర మడత పెట్టేది నేను. సీదా దిక్కు ఎడమకే చూస్తది. కుడికి చూస్తే గది ఉల్టా." బాపు వైపు తిరిగింది. "నువ్వు పోయి చూసొస్తివి గద. గింత కూడా ఎరుక గాలేదా?"

బాపు చీరను తిరగేశాడు. మళ్ళీ సీదా చేశాడు. మళ్ళీ తిరగేశాడు. మగ్గం మీద చీర బోర్లా నేస్తారు. నేసేవాడి కండ్ల ముందు ఎప్పుడూ వెనుక దిక్కే ఉంటుంది, సీదా దిక్కు కిందికి ఉంటుంది. అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ సంగతి నాకు ఆ నిమిషం దాకా గుర్తు రాలేదు.

"ముప్పై ఏండ్ల సంది ఎనుక దిక్కే చూస్తున్న," అన్నాడు బాపు. "నా కండ్లకు గదే సీదా అయింది." చీర వదిలి నా దిక్కు చూశాడు. "నువ్వు ఉల్టా దిక్కు ఫొటో తీసినట్టున్నవు బిడ్డా. నీకేం ఎరుక. చూసి కూడా పసిగట్టకపోతి. తప్పు నాదే."

నేను సీదా దిక్కే తీశాను. తెలిసే తిప్పాను. అవ్వ చీర మడత పెడుతూ ఉంది. బాపు లేచి బయటికి పోయాడు. తిప్పిన సంగతి నేను చెప్పలేదు.

దసరా దాటిన మూడో రోజు బాపు భివండి పోయే ప్రైవేటు బస్సు ఎక్కాడు. బస్టాండులో సంచీ అందిస్తూ చెబుదామనుకున్నాను. కిటికీలోంచి బాపు, "మంచిగ చదువుకో," అన్నాడు. తల ఊపాను.

నెట్ సెంటర్‌కు పోయి ఫొటోను మళ్ళీ తిప్పాను. గొల్లభామ ఎడమకు తిరిగి, పేజీ బయటికి పోతున్నట్టే నిలబడింది. తరువాత ఎవరూ రాయలేదు.

నెల తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం బాపు ఫోన్ చేశాడు. వెనుక మగ్గాల చప్పుడు. ఈసారి చెప్పాలని కాగితం మీద రాసుకొని పెట్టుకున్నాను.

"బాపు, ఆ ఫొటో..."

"ఏంది? ఇనవడతలేదు బిడ్డా."

"పని ఎట్లున్నది?" అన్నాను గట్టిగా.

"ఏముంటది. తెల్లబట్ట, పువ్వు లేదు, బొమ్మ లేదు." నవ్వాడు. "గీడ సీదా ఉల్టా తిప్పలు లేవు. ఏ దిక్కు చూసినా ఒక్కతీరే."

కాగితం మడిచి డైరీలో పెట్టాను. ఇంకా అందులోనే ఉంది.