ఏతం కాడ దిగిన సైకిలు

రోజూ పడుకునే ముందు డైరీ రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇంట్లో ఏ కూర వండారో, ఎవరు ఎవరిమీద అలిగారో, చదువుతున్న కథ ఏ మలుపులో ఆగిందో అన్నీ అందులో ఉంటాయి. అయినా అందులో కూడా రాయకుండా దాటేసిన సంగతి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సత్యవేడు నుంచి తూర్పుగా పోయే గరుసు రోడ్డు మీద సైకిలు తొక్కుకుంటూ బడికి పోయేదాన్ని. దారిలో ఏతం కనబడితే చాలు, సైకిలు దిగి నడిచేదాన్ని. ఎందుకు దిగేదాన్నో ఆ పక్క ఊళ్ళవాళ్ళు తలా ఒక కారణం చెప్పుకున్నారు. అన్నీ నన్ను మెచ్చుకునే కారణాలే. అసలు కారణం నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. (మా చిన్నాయనకు తెలుసు. కానీ ఆయనకు నేను చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు.)

ఆ కాలంలో పెట్రోలు దొరికేది కాదు. బస్సులు వీపుకు బొగ్గుల డబ్బా కట్టుకుని, ముసలి ఆస్తమా మనిషిలా దగ్గుకుంటూ నడిచేవి. నాకు టీచరుగా మొదటి ఉద్యోగం సముద్రపు గాలి తగిలే ఒక పల్లెలో వచ్చింది. ఉద్యోగం వచ్చిన వారానికే ఆ పల్లెకు పోయే ఒక్క బస్సూ ఆగిపోయింది. మా నాయన తిరుపతిలో కోర్టు గుమాస్తా. ఆడపిల్ల ఉద్యోగానికి పోవడమే ఆయనకు సగం ఇష్టం. సత్యవేడులో మా పిన్నమ్మ ఇల్లుంది కాబట్టి మిగతా సగం ఒప్పుకున్నాడు. రైలెక్కించేటప్పుడు మాత్రం వేలు చూపించి చెప్పాడు: "ఒక్క మాట, ఎవురి నోట్లో నుంచైనా నీ మీద ఒక్క మాట వచ్చిందంటే, ఆ రోజే మూట కట్టుకోని ఇంటికొచ్చేయాల." నేను తల ఊపాను. ఎదురుగా మనిషి వస్తే గోడకు అతుక్కుని నడిచే పిల్లను నేను. నా మీద ఎవరేం మాట అంటారు? నాకు ఆ ఉద్యోగం కావాలి. పిల్లలంటే ప్రాణమని కాదు (అప్పటికింకా ఏ పిల్లనూ ఎరగను). నా జీతంతో నేను కొనుక్కున్న పుస్తకాన్ని, పప్పు గిన్నె చాటున దాచుకోకుండా, వెలుతురులో కూర్చుని చదవాలని నా కోరిక.

పిన్నమ్మ మొగుడు, అంటే మా చిన్నాయన, బజారులో బాడుగ సైకిళ్ళ అంగడి నడిపేవాడు. దేశం విడిచిపోతూ ఒక దొరసాని అమ్మేసిన ఆడవాళ్ళ సైకిలు ఆ అంగడి మూలన బూజు పట్టి ఉంది. వెనక చక్రానికి చీర చిక్కకుండా వల కూడా ఉంది. "బస్సు లేకపోతే ఏమి? బండి ఉండాది గదా!" అన్నాడు చిన్నాయన. పిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పెళ్ళి గావాల్సిన పిల్లను సైకిలెక్కిస్తావా? మా బావకు ఏం జెప్తావు?" అంది. "మీ బావ బస్సు పంపిస్తాడేమో అడుగు" అన్నాడు ఆయన. అంగడి వెనక ఖాళీ స్థలంలో వారం రోజులు నేర్చుకున్నాను. నేర్చుకోవడమంటే, ఆయన పట్టుకున్నాడనుకుని తొక్కడం, పట్టుకోలేదని తెలిసిన క్షణం పడడం.

మొదటి రోజు బడికి బయలుదేరేటప్పుడు ఊరి చివరిదాకా పక్కనే పరిగెత్తుతూ చిన్నాయన ఉపదేశం చేశాడు. "సూడు పాపా, ఇది గరుసు రోడ్డు. రాళ్ళమీద ముందర బ్రేకు పట్టుకోబాక, జారిపోతాది. ఏత్తం వస్తే దిగిపో. దిగి తోసుకోని పో, దాటినాక మళ్ళా ఎక్కు. ఏత్తంలో తొక్కినావంటే సెయిను పటుక్కుమంటాది. ఈ బండికి సెయిను దొరికేది శానా కష్టం. ఇంటాండావా?"

విన్నాను. వినడంలోనే వచ్చింది తంటా. సత్యవేడులో సగం మాటలు అరవదేశం నుంచి నడిచొచ్చినవి. ఏత్తమంటే అక్కడ మిట్ట, ఎక్కుడు దారి. మా తిరుపతి ఇంట్లో మిట్టను మిట్ట అనే అనేవాళ్ళం. నాకు తెలిసిన ఏతం ఒక్కటే. బావి మీద పొడుగాటి దూలం, దూలం మీద ముందుకూ వెనక్కూ నడిచే మనిషి, కింద నీళ్ళు తోడే బాన. ఏతాన్ని ఈ ఊళ్ళో కాస్త వత్తి పలుకుతారు కాబోలు అనుకున్నాను. ఏతం దగ్గర సైకిలు ఎందుకు దిగాలని అడగవచ్చు. కానీ అడగాలంటే నోరు తెరవాలి. నోరు తెరవడం కంటే కారణం నేనే కల్పించుకోవడం నాకు సులువు. (పుస్తకాలు ఎక్కువ చదివితే వచ్చే జబ్బు ఇది.) దూలం మీద నడిచే మనిషి కాలి కింద చూపు పెట్టుకుని నడవాలి కదా. ఆడపిల్ల సైకిలు మీద పోతుంటే చూపు చెదిరి, పాపం, బావిలో పడతాడు. అందుకని దిగాలి. ఎంత మంచి ఆచారమో అని కళ్ళు చెమర్చాయి కూడా.

ఊరు దాటగానే రోడ్డు కొండల అంచున మిట్టలెక్కుతూ దిగుతూ పోతుంది. ఎర్ర గరుసు చక్రాల కింద కరకరలాడుతుంది. కొండ పక్కన ఏతాలుండవు కాబట్టి ఎక్కడా దిగనవసరం లేదని ఆ మిట్టలన్నీ రొప్పుకుంటూ తొక్కే ఎక్కాను. ఆఖరి మిట్ట మీదికి చేరితే దూరంగా సముద్రం పక్కన ఉప్పునీళ్ళు తెల్లటి గీత గీసినట్టు మెరిసేవి. ఆయాసంతో కళ్ళు మసకలు కమ్మి నాకు రెండు గీతలు కనిపించేవి. అక్కడి నుంచి నేల చదును. చీపురుతో ఊడ్చినట్టు నున్నటి దారి, గాలి కూడా పొద్దున పూట వీపున తోస్తుంది. చిన్నపిల్ల అయినా పాట పాడుకుంటూ తొక్కేయొచ్చు. కానీ అక్కడే, దారి పొడుగునా, చేనుకొక ఏతం. ఒకటి దాటి ఎక్కి, చీర సర్దుకుని, నాలుగు తొక్కులు తొక్కేసరికి ఇంకొకటి. దిగడం, తల వంచుకుని తోసుకుంటూ నడవడం, ఎక్కడం. నేను దిగగానే దూలం మీది మనిషి పాట ఆపి, నిలబడి నన్ను చూసేవాడు. వాళ్ళలో అందరికంటే గట్టిగా పాడే ముసలాయనకు పాటల తాత అని నాలో నేనే పేరు పెట్టుకున్నాను. చూపు చెదిరితే ప్రమాదమని చిన్నాయన చెప్పింది నిజమే అనుకునేదాన్ని. (ఆయన చెప్పలేదన్నది అప్పటికే మరిచిపోయాను.)

నెల తిరక్కుండానే సెయిను తెగింది. చిన్నాయన అతుకు వేస్తూ, "ఏత్తంలో తొక్కినావా?" అని అడిగాడు.

"లేదు చిన్నాయనా. అన్ని చోట్లా దిగినాను."

"అన్ని చోట్లా?"

"ఒక్కటి గూడా విడిచిపెట్టలా."

ఆయన సెయినును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, "దొరసాని బండి గదా, మనూరి నీళ్ళు పడలేదేమో" అన్నాడు. మళ్ళీ తెగింది. ఈసారి, "పాపా, నా మీద ఒట్టు. ఏత్తంలో దిగినావా లేదా?" అన్నాడు. "నీ మీద ఒట్టు. పాటల తాత ఏతం దగ్గర గూడా దిగినా" అన్నాను. "ఏ తాత?" అంటూనే అంగట్లోకి ఎవరో వస్తే లేచి వెళ్ళాడు. ఇంకొక్క మాట అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

ఇంతలో బడి ఉన్న పల్లెలో గొణుగుడు మొదలైంది. మగవాడిలా సైకిలెక్కే పంతులమ్మ దగ్గరికి మా ఆడపిల్లల్ని పంపబోమని కొందరు ఆపేశారు. ఊరి మునసబు ఒకరోజు బడి ముందు నిలబడి, నా సైకిలును అటు నుంచీ ఇటు నుంచీ చూసి, మీసం దువ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నాయన చెప్పిన ఆ ఒక్క మాట మునసబు మీసాల వెనకే తయారవుతోందని నాకు తెలిసిపోయింది.

సరిగ్గా నాయన నన్ను చూసిపోవడానికి వచ్చిన ఆదివారమే మునసబు కూడా పిన్నమ్మ ఇంటికి వచ్చాడు. నేను వంటింట్లో తలుపు వెనక, చేతిలో చట్నీ గిన్నెతో బిగుసుకుపోయాను. ఆయన అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మీసం తుడుచుకుని, "మీ పాప సంగతి మాట్లాడాలనే వచ్చినానప్పా" అన్నాడు. నాయన గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. నా మూటలో ఏ పుస్తకాలు పడతాయో, ఏవి పట్టవో అని లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను.

"సైకిలు తొక్కే పిల్ల మాకొద్దని నేనే అన్నా, అబద్ధమెందుకు" అన్నాడు మునసబు. "అయితే మా రైతులు ఊరుకోలా. ఏతం కాడికొస్తే ఆ తల్లి బండి దిగి, తల వంచుకోని నడిచి పోతాదంట. మనూళ్ళో సదువుకున్నోళ్ళు ఎవురన్నా ఏతం తొక్కే వాడికి అంత మర్యాద ఇచ్చినారా? నన్ను సూస్తేనే దిగేవాళ్ళు తక్కువ, దాన్ని యాడ సెప్పుకునేది! సరే, నేనే సూద్దామని చెట్టు సాటున నిలబడుకున్నా. నిజమే. వరసగా అన్నిటికాడా దిగింది. అప్పుడే అనుకున్నా, మా ఆడబిడ్డలు నేర్సుకుంటే ఈ పాప కాడనే నేర్సుకోవాలని. రేపటి నుంచి మా మనవరాళ్ళనూ పంపిస్తా."

నాయన, నేను పుట్టినప్పుడు కూడా అంత గర్వపడి ఉండడు, "మా ఇంటి పెంపకం అప్పా అది" అన్నాడు. (మా ఇంట్లో ఏతమూ లేదు, సైకిలూ లేదు.)

చిన్నాయన మాత్రం మెల్లగా లేచి వంటింట్లోకి వచ్చి, నా ముఖం లోకి చూసి గుసగుసగా అడిగాడు: "పాపా... ఏత్తమంటే నీకు ఏం తెలిసింది?"

"ఏతం... నీళ్ళు తోడే..."

ఆయన భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. చివరికి తువ్వాలు తీసి, "మిట్టమ్మా, మిట్ట! మిట్టలో దిగమన్నా గదా తల్లీ! అన్ని మిట్టలూ తొక్కినావా?" అన్నాడు. నేను తల ఊపాను. "ఆ సెయిన్లు ఇనుము కాబట్టి సరిపోయింది. నేనైతే ఎప్పుడో తెగిపోయుందును" అన్నాడు. బయటి నుంచి నాయన "ఏంది నవ్వు?" అని కేకేస్తే, "ఏం లేదన్నా, మిరపకాయ" అన్నాడు. ఆ మాట ఆయన పోయేదాకా బయట పెట్టలేదు. ఎప్పుడు నాకు ఎదురుపడినా, "ఏత్తమా, ఏతమా?" అని మాత్రం అడిగేవాడు.

అసలు అవస్థ ఆ తరువాతే మొదలైంది. ఇప్పుడు మిట్టల దగ్గర సెయిను కోసం దిగాలి, చదునులో మర్యాద కోసం దిగాలి. ఒక్కరోజు ఏతం దగ్గర దిగకపోతే పల్లెంతా ఏమనుకుంటుంది? మునసబు మనవరాళ్ళు కూడా పల్లె పొలిమేరలో నాకు ఎదురొచ్చి, అక్కడి నుంచి నా వెనకే బడికి వచ్చేవాళ్ళు, నేను దిగితే తామూ తల వంచుకుని నడిచేవాళ్ళు. ఇలా నేను ఎక్కి పోయింది తక్కువ, తోసుకుపోయింది ఎక్కువ. నన్ను సైకిలు మోసిందా, సైకిలును నేను మోశానా అంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ కాలంలో నేను చదువుకున్న పుస్తకాలు ఇవాళ నా అలమారలో ఉన్నాయి. ఏది తెరిచినా అంచుల్లో ఎర్ర గరుసు దుమ్ము. అది చూసినప్పుడల్లా, ఒక్క ప్రశ్న అడగడానికి సిగ్గుపడి ఊరూరా దండం పెట్టినట్టు నడిచిన ఆ పిల్ల మీద కోపం రాదు. పరిగెత్తుకుపోయి హ్యాండిలు ఒక పక్క పట్టుకుని కాస్త తోసిపెట్టాలనిపిస్తుంది.

తిరుపతికి బదిలీ అయి చివరిసారి ఆ దారిన వచ్చేటప్పుడు, సాయంత్రపు సముద్రపు గాలి వీపున తోస్తోంది. పాటల తాత ఏతం కనబడగానే అలవాటు చొప్పున కాలు కింద పెట్టబోయాను. తాత దూలం నడిమధ్యన ఆగి, చెయ్యి అడ్డంగా ఊపి కేకేశాడు: "దిగబాక పాపా! నువ్వు దిగినప్పుడంతా, నీ సాకుతో మేం గూడా రొంతసేపు నిలబడుకోని కాళ్ళు సల్లబరుసుకుంటా ఉంటిమి. ఈ పొద్దు మటుకు తొక్కుకోని పో. మేం నిలబడుకోని సూస్తాం."