కెంపమ్మ చెప్పిన ఎత్తు

పుంగనూరులో చదరంగం నేర్పే దేవరాజుకు నిజాయితీ పిచ్చి. ఆన్‌లైన్ పోటీలు వచ్చాక అది మరీ ముదిరింది. కెమెరాల్లో ఆటగాళ్ల గదులు చూస్తూ దొంగాట పట్టుకోవడమే ఆయన పని. గదిలో ఇంకో గొంతు వినిపిస్తే ఆ ఆటగాణ్ణి పోటీ నుంచి బయటికి పంపాలనే రూలు పెట్టించింది కూడా ఈ మహానుభావుడే.

మొన్న వేసవిలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ ఆన్‌లైన్‌లోనే జరిగింది, ఎవరింట్లో వాళ్లు కూర్చుని. ఫైనల్లో కుప్పం అమ్మాయి హేమావతికి, మదనపల్లె మండీ యజమాని కొడుకు ప్రదీప్ ఎదురయ్యాడు. గెలిచినవాళ్లకే జట్టులో చోటు. ఆ చోటు కోసం హేమావతి సినిమాలు మానింది, పెళ్లిళ్లు మానింది. ఆట దాదాపు ఆమె చేతికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే వాళ్లవ్వ కెంపమ్మ మజ్జిగ చెంబుతో వచ్చి వెనక నిలబడింది. పులిజూదం ఆడేచోట చుట్టూ చేరినవాళ్లు ఎత్తులు చెప్పకపోతే అదేం ఆట? ఆ ముసలమ్మకు తెలిసిందల్లా అదే.

"మే, ఆ నల్లగుర్రాన్ని దూకించు పాపా!" అంది.

హేమావతివి తెల్లపావులు. నల్లగుర్రం ప్రదీప్‌ది! దేవరాజుకు నవ్వు కూడా వచ్చింది. అయినా ఆట ఆపేసి, ఆమెను పోటీ నుంచి బయటికి పంపాడు.

"సార్, మా అవ్వకు చెస్ అంటే ఏందో తెలీదు. మీరే సూస్తాండారు గదా!" అని ఏడ్చింది ఆ పిల్ల.

"రూలు అందరికీ ఒగటేనమ్మా," అన్నాడు.

ప్రదీప్ గదిలో మాత్రం చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. నెల తిరక్కుండానే తేలింది, వాడు వేసిన ఎత్తులన్నీ కంప్యూటరు చెప్పినవేనని. పట్టుకున్నదీ దేవరాజే. వాణ్ణి తీసేశారు. ఆ చోటు హేమావతికి ఇవ్వమని ఈయన కమిటీ వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాడు.

"బయటికి పంపినోళ్లకు చోటెట్లిస్తాం? రూలు మీదే గదా సార్!" అన్నారు వాళ్లు. మూడోస్థానం వాడు జట్టులోకి పోయాడు.

ఉండబట్టలేక దేవరాజు కుప్పం బస్సెక్కాడు. కెంపమ్మ కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది, లోపలికి పోయింది. ఎప్పుడొచ్చావప్పా అని కూడా అడగలేదు.

"అవ్వకు నామీద కోపమా పాపా?" అని హేమావతిని అడిగాడు.

"కోపం ల్యా సార్. తన నోటి వల్లే పోయిందని, ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడేదే మానేసింది. పిలిచినా పలకదు. మీ రూలు సరిగ్గా పాటిస్తాండేది మా అవ్వ ఒక్కతే."