పన్నెండో చెయ్యి

దయ్యాలూ గాలులూ ఉన్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం మాత్ర వేయించమనే మనిషిని. మీరు నమ్మాలని కూడా అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల్లో కొత్తపేట దగ్గర మా ఊరి కాలువలో, వేసవి సెలవులకు పన్నెండు మంది పిల్లలకు ఈత శిబిరం పెట్టారు. డ్రిల్లు మాస్టారు నేర్పేవారు. నన్ను ఆయాగా పెట్టుకున్నారు. మా వైపు ఈత నేర్చుకునే పిల్లల నడుముకు రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కడతారు. అవి మనిషిని మునగనివ్వవు.

ఈత అయ్యాక హాజరు పుస్తకం నా చేతికిచ్చి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, మొహం చూసి టిక్కు పెట్టమనేవారు మాస్టారు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు. వయోజనుల బడిలో నేర్చుకున్నది ఆ తర్వాత చాలా ఏళ్లకు. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. చెబితే పని పోతుందని భయం కూడా. అందుకని పిల్లలు గట్టు మీద విప్పి పెట్టిన కాయల జతలు లెక్కపెట్టేదాన్ని. పన్నెండు జతలుంటే పన్నెండు టిక్కులు.

ఆ రోజూ పన్నెండు జతలున్నాయి. టిక్కులు పెట్టేసి, ఉడికించిన శనగలు పంచాను. పిల్లలు చుట్టూ మూగి చేతులు చాపారు. పన్నెండు గరిటెలకు సరిగ్గా కొలిచి తెచ్చిన గిన్నె ఖాళీ అయింది. చివరి చెయ్యి చాలా చల్లగా ఉంది. వేళ్ల కొసలు నాని ముడతలు పడ్డాయి. మొహం చూడలేదు.

"అందరూ వచ్చేరా అమ్మా?" అని అడిగారు మాస్టారు.

"ఆయ్, వచ్చేరండి" అన్నాను.

పిల్లలు వెళ్లాక రేవు మెట్ల మీద ఒక పొడి గౌను మిగిలింది. తొమ్మిదేళ్ల సత్యవేణిది. మాస్టారు పుస్తకం చూశారు. ఆ పిల్ల పేరు పక్కన టిక్కు ఉంది. తడి బట్టలతోనే ఇంటికి పోయి ఉంటుందని అక్కడికి మనిషిని పంపారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ టిక్కు నమ్మొద్దని ఒక్క మాట అంటే చాలు. అనలేదు.

ఇంట్లో లేదని కబురొచ్చాక మాస్టారు కాలువలోకి దూకారు. వంతెన కింద గుర్రపుడెక్కలో చిక్కుకుని, ముక్కు మాత్రం పైకి తేలి, స్పృహ లేకుండా దొరికింది. ప్రాణం ఉంది. కాయలు లేకుండా ఈదగలనో లేదో చూసుకుందామని, జత విప్పి గట్టు మీదకు విసిరేసి మళ్లీ లోపలికి వెళ్లిందట.

మిగతా పదకొండు మందినీ విడివిడిగా అడిగాను. ఎవరూ రెండోసారి శనగలు తీసుకోలేదన్నారు. పిల్లలు కదా, ఎవరో అబద్ధమాడారని సరిపెట్టుకున్నాను.

మర్నాడు ఆసుపత్రికి వెళితే సత్యవేణి నన్ను గుర్తుపట్టింది.

"పిన్నిగారూ, నేను చెయ్యి చాపేను కదండీ. మీరు నా మొహం చూడలేదేంటండీ?"

జ్వరంలో ఏదో అంటోందని వాళ్లమ్మ సర్దిచెప్పింది.

ఆ పిల్ల నీళ్లలో ఉండగా నా ముందు చెయ్యి చాపింది ఎవరో నాకు తెలియదు. దయ్యమంటే నా తప్పు తేలికైపోతుంది. అందుకే ఆ మాట అనను.