సైరన్ హాలులో కోసిన సీట్లు

ఆ ఊరి నడిబొడ్డున ఉన్న సినిమా హాలును ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. ఇనుము ఫ్యాక్టరీలో షిఫ్టు మారే సైరన్ మోగిన అరగంటకు ఆట మొదలయ్యేది కాబట్టి అందరికీ అది సైరన్ హాలే. ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయనే దాన్నీ కట్టించాడు. మొదట్లో అందులో నాటకాలాడేవారు. తర్వాత తెర వచ్చింది, బాల్కనీ వచ్చింది, ఎనిమిది వందల ఎర్ర రెక్సిన్ సీట్లు వచ్చాయి. ఫ్యాక్టరీలో పెద్ద సుత్తి పడినప్పుడల్లా ఆ సీట్లు సన్నగా వణికేవి. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు. పాతవాళ్లు, ఆ వణుకు కూడా టిక్కెట్టులో భాగమే అనేవారు.

ఆ సీట్లు కుట్టే మనిషి సూదమ్మ. కన్నవాళ్లు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది గానీ, పైటకు ఎప్పుడూ రెండు సూదులు గుచ్చుకుని తిరిగేది కాబట్టి హాల్లో అందరూ అలాగే పిలిచేవారు. పని ఇప్పించింది మేనేజరు. ఆమెకు పిన్ని కొడుకు, వరసకు అన్న. రోజూ పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి, మ్యాట్నీ జనం రాకముందే చిరుగులు కుట్టి, బయటికొచ్చిన పీచు లోపలికి కూరి, ఊడిన మేకులు కొట్టి వెళ్లిపోయేది.

అనుమానం ఆమెకు ఉగ్గుపాలతోనే అబ్బింది. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనుకునేది, నవ్వకపోతే ఎక్కువ కలిపాడనుకునేది. ఆ అనుమానాలన్నీ వినాల్సినవాడు భర్త. ఆయన ముప్పై ఏళ్లు పెద్ద సుత్తి పక్కన పనిచేసి రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. ఆయనకో గుట్టు చెప్పాలంటే వీధి వీధంతటికీ చెప్పినట్టే.

ఒక ఏడు ఫ్యాక్టరీ మూతపడింది. సైరన్ ఆగిపోయింది. ఆటకు వందమంది రావడమే గగనమైంది. బాల్కనీకి గొలుసు వేసి తాళం పెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే సూదమ్మకు సీట్ల మీద గాట్లు కనపడటం మొదలైంది.

చిరుగుకూ గాటుకూ తేడా ఆమెకు తెలుసు. చిరుగు మనిషి బరువుకు కుట్టు దగ్గర మొదలవుతుంది. గాటు నట్టనడుమ మొదలవుతుంది. మొదట కుర్రకారు ఆకతాయితనం అనుకుంది. కానీ ఒకరోజు దుమ్ము దులపడానికి తాళం తీయించుకుని బాల్కనీకి వెళ్తే, ఆర్నెల్లుగా మనిషి కూర్చోని వరసలో మూడు సీట్లు పొట్ట విప్పుకుని ఉన్నాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సూదమ్మ మాత్రం పట్టి తీరాలనుకుంది.

ఊడ్చే మనిషిని రెండు వారాలు కనిపెట్టింది. ఆమె నడుంనొప్పితో మెట్లే ఎక్కలేదు. గేటు మనిషిని కనిపెట్టింది. అతను గేటు వదిలితే ఒట్టు. ఇక మిగిలింది ఆపరేటరు. ఇరవై రెండేళ్లుగా పైగదిలో మిషన్ తిప్పే మనిషి, మాట పొదుపరి. చొక్కా జేబులో ఎప్పుడూ బ్లేడు ఉండేది. పైగా ఆట లేని వేళ, పొద్దున్నే వచ్చి చీకటి హాల్లో ఒక్కడే కూర్చునేవాడు. ఒకరోజు ఆ మూల, ఒకరోజు ఈ మూల.

"పొద్దున్నే ఇక్కడేం పని ఆపరేటరుగారూ?" అని ఒకరోజు అడిగింది.

"ఇక్కడ చల్లగా ఉంటుందమ్మా."

వారం పోయాక మళ్లీ అదే మాట అడిగింది.

"ఈ మూల సౌండు సరిగా రావట్లేదు. చూద్దామని."

"మిషన్ తిరక్కుండానే సౌండు చూస్తారా?"

అతను చిన్నగా నవ్వి లేచి వెళ్లిపోయాడు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు! సూదమ్మకు ఇంకేం కావాలి?

మేనేజరు కూడా గాట్ల గురించి తెగ బాధపడేవాడు. "ఎవరి మీదైనా అనుమానం ఉందా చెల్లెమ్మా? నీ కంటికి కనపడనిదేముంటుంది?" అని రోజూ అడిగేవాడు. "కళ్లారా చూశాక చెప్తా అన్నయ్యా," అనేది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ సాయంత్రం, బియ్యం ఏరుతూ ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఏమండీ, ఆ సీట్లు పాడుచేసేది ఆపరేటరే అనిపిస్తోంది!"

"ఆపరేషనా? ఎవరికి?"

"ఆపరేషన్ కాదు, ఆపరేటర్! జేబులో బ్లేడు పెట్టుకుని తిరుగుతాడు! ఆయనే కోస్తున్నాడు!"

చెవిటి మనిషికి చెప్పేటప్పుడు 'అనిపిస్తోంది' అన్న మాట జారిపోతుంది. గట్టిగా అరవడానికి ఆ ముక్క అడ్డం. గోడ అవతల గేటు మనిషి బావమరిది కాపురం. మర్నాడు ఆమె వెళ్లేసరికి ఆ కబురు హాల్లో ఆమెకంటే ముందే ఉంది.

మేనేజరు గదిలో బల్ల మీద బ్లేడు పెట్టి ఉంది. ఆపరేటరు నిలబడి ఉన్నాడు.

"తెగిన రీలు అతికించాలంటే చివర్లు కోసి సమం చేయాలి సార్. దానికే బ్లేడు. నేను చేరిన రోజు నుంచీ ఉంది."

"మా చెల్లెలు పట్టిందంటే పట్టినట్టే," అన్నాడు మేనేజరు. "రేపట్నుంచి రావద్దు."

'చూడలేదు, అనుకున్నానంతే' అనే మాట సూదమ్మ గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. గుమ్మం దాటుతూ ఆపరేటరు ఆమె ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు.

"ముందు నన్నడగాల్సిందమ్మా," అన్నాడు. అంతే.

పది రోజులు ఒక్క గాటూ పడలేదు. సూదమ్మ గుండె మీద బరువు కొంచెం దిగింది. పదకొండో రోజు సోమవారం. ఒక్కసారిగా ఇరవై సీట్లు కోసి ఉన్నాయి. కుట్టడానికని సామాను గదికి వెళ్లి, తన పెట్టె తీసింది. రెక్సిన్ కోసే వంకర కత్తిని రోజూ నూనెగుడ్డతో తుడిచి పెట్టడం ఆమె అలవాటు. ఆ పూట కత్తి మొనకు ఎర్రటి పొట్టు, రెండు పీచు పోగులు అంటుకుని ఉన్నాయి. లోకంలో అందరి చేతులూ చూసిన మనిషి తన పెట్టెను మాత్రం అనుమానించలేదు. ఆ గదికి తాళం చెవులు రెండే. ఒకటి ఆమె నడుముకు, రెండోది మేనేజరు సొరుగులో.

కత్తి పట్టుకునే అతని గదికి వెళ్లింది. "అన్నయ్యా, నా కత్తి ఎవరు వాడారు?"

అతను బుకాయించనైనా లేదు. ముందు తలుపు వేశాడు.

"ఓనరు కొడుకులకు ఈ స్థలం కావాలి. హాలు పనికిరాదని మున్సిపల్ ఆఫీసువాళ్లు రాయాలంటే పనికిరానట్టు కనపడాలిగా? కొత్త బిల్డింగులో నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. నీకూ చూస్తాలే."

"మరి ఆ మనిషిని ఎందుకు పంపేశావు?"

"నేనా? ఆపరేటరని నేనెప్పుడైనా అన్నానా? అన్నది నువ్వు."

కంచే చేను మేసింది, సరే. ఆ కంచెకు కాపలా కాసింది తనే కదా అనుకుంది సూదమ్మ. బుధవారం ఆఫీసువాళ్లు వస్తారని అతని నోటే విన్నది. రెండు రోజులు తిండి మానేసి ఇరవై సీట్లూ కుట్టేసింది. వేళ్లు చిట్లి నెత్తురొచ్చింది.

వచ్చిన ఆఫీసరు సీట్ల వంకైనా చూడలేదు. తిన్నగా వెళ్లి బాల్కనీ దూలం కింద పగులు చూపించాడు. "ముప్పై నలభై ఏళ్ల సుత్తి దెబ్బలమ్మా. ఎప్పుడో ఒకప్పుడు కూలేదే."

సూదమ్మ బల్ల ఎక్కి పగులులో వేలు పెట్టింది. తెల్లటి పొడి రాలింది. నలభై ఏళ్ల పగులైతే మసి పట్టి ఉండాలి, సాలెగూడైనా ఉండాలి కదా అనుకుంది. "ఇది కొత్తదిలా ఉందండీ. ఈ సీట్లు కూడా కావాలనే కోశారు. మేనేజరే కోశాడు," అని పైకే అనేసింది.

ఆఫీసరు కాగితం మీంచి తలెత్తలేదు. "మీరు ఇంజనీరా?" అన్నాడు.

ఆ పగులు పాతదో, ఎవరైనా ఉలి పెట్టి చేసిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. మూడు నెలల్లో హాలు నేలమట్టమైంది. సీట్లన్నీ లారీకెత్తారు. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల దుకాణాలున్నాయి. వాటికి ఆ అన్నే మేనేజరు. ఆమెకిస్తానన్న ఉద్యోగం ఆమె పుచ్చుకోలేదు. బస్సు సీట్లు కుట్టే షెడ్డులో చేరింది.

గేటు మనిషికీ, టీకొట్టు దగ్గరా, కనపడ్డ ప్రతివాళ్లకూ ఆపరేటరు తప్పేమీ లేదని చెప్పుకుంటూ తిరిగింది. "ఇప్పుడెందుకులే సూదమ్మా," అనేవారు. నింద పరుగెత్తినంత జోరుగా నిజం నడవదు. చివరికి ఒకరోజు అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. ఇటుకల లారీలు తూకం వేసే చోట, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాదే ఆపరేటరుగారూ. కోసింది మా అన్న."

"విన్నాను," అన్నాడతను. తూకం చీటీ పక్కన పెట్టి, "మీరడిగినప్పుడు నేనూ సరిగా చెప్పలేదు. రెండు గదుల్లో ఆరుగురం. నిమ్మళంగా కూర్చునే చోటు నాకు ఆ హాలొక్కటే. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది," అన్నాడు.

ఏటి అవతల ఇంకో హాలు ఉంది. ఆపరేటరు కావాలంటున్నారు గానీ, ఇతని సంగతి విని వద్దన్నారట. సూదమ్మ మర్నాడు షెడ్డుకు సెలవు పెట్టి, అతన్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది.

అక్కడి యజమాని ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరెవరమ్మా? ఈయనకు ఏమవుతారు?"

"ఏమీ కానండీ. ఈయన మీద నింద వేసింది నేనే."

యజమాని ఒకసారి ఆపరేటరు వంక, ఒకసారి ఆమె వంక చూశాడు. ఇది ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకమేమోనన్న అనుమానం అతని కళ్లలో ఆమెకు తేటగా కనపడింది. ఆ చూపు ఆమెకు తెలియనిదా? అయినా తల దించుకోకుండా జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది. చివరికి అతను, "సరే, నెలరోజులు చూస్తాను," అన్నాడు.

తిరుగు బస్సులో చెరో సీట్లో కూర్చున్నారు. అతను తన స్టాపు వచ్చాక లేచి, రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, మా ఆవిడకు కూడా ఒకసారి చెప్తారా? నేను చెప్తే నమ్మట్లేదు."

సూదమ్మ సంచీ సర్దుకుని అతని వెనకే దిగింది.