ఎవరింటికి ఈ రాళ్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టాక ఆ ఇంట్లో కుదురుగా కూర్చుని చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. నందవరం సుంకులమ్మ బాధ అదే. సొంత మిద్దెలో పాలు పొంగించిన మర్నాటి నుంచే ఆమె కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ వీధిలోకీ తిరుగుతోంది.

ఆఖరుకు ఒక ఆదివారం మొగుడు తిక్కయ్యను వెంటబెట్టుకుని ఆదోని కోట కొండెక్కింది. కూలిన బురుజు నీడన కూర్చుని రాయి మీద రాయి పేర్చడం మొదలుపెట్టింది.

"ఇల్లు కావల్లని మొక్కుకునేటోళ్లు గదనే రాళ్లు పేర్సేది," అన్నాడు తిక్కయ్య ఆయాసపడుతూ. "మనకు మిద్దె లేసె గదా. ఇంగ ఎవురింటికి?"

సుంకులమ్మ ఇంకో రాయి అందుకుంది.

కూలికి పోయే రోజుల్లో ఆమె రాళ్లు పేర్చని చోటు లేదు. ఉరుకుంద జాతరకు పోయినా సరే, నాలుగు రాళ్లు నిలబెట్టనిదే బస్సెక్కేది కాదు. "నువ్వు పేర్సిన రాళ్లన్నీ ఒగసోట పోస్తే ఇంగో కోట లేసుండేది," అని తిక్కయ్య ఎగతాళి చేసేవాడు. వానకు కారే కొట్టంలో ఎగతాళి మాత్రం ఎన్నాళ్లు నవ్విస్తుంది? ఆమె సైప్రస్ దేశం పోయింది, సముద్రపు ఒడ్డున ఒక ముసలమ్మను చూసుకునే పనికి.

ఆ ముసలమ్మను సుంకులమ్మ అవ్వా అనే పిలిచేది. అంత పెద్ద బంగళాలో ఉంటూ అవ్వ రోజూ సాయంత్రం ఇంకేదో ఇంటి ఫొటో ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎందుకో సుంకులమ్మకు అంతుపట్టేది కాదు.

ఒకరోజు అవ్వ కూతురు ఇద్దరినీ సముద్రం పక్కనున్న పాడుబడ్డ కోటకు తీసుకుపోయింది. బైజాంటిన్ రాజులని, అంతకుముందు ఇంకెవరో అని ఏదో చెప్పింది. సుంకులమ్మ చెవికెక్కితే కదా! ఎటు చూసినా రాళ్లే. చేతులు ఊరుకుంటాయా? ఓ మూలన నాలుగు రాళ్లు పేర్చి కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి కాపలావాడు నెత్తిన నిలబడి అరుస్తున్నాడు. ఏ రాయి ఏ గోడదో తెలియాలని తవ్వకాలవాళ్లు ఎక్కడివక్కడ అంకెలు వేసి పెట్టుకున్న రాళ్లవి. కూతురి మొహం కందగడ్డయింది. సుంకులమ్మ గబుక్కున లేచి నిలబడింది. పని పోతే మిద్దె మాట దేవుడెరుగు, మళ్లీ ఆ కొట్టమే.

చక్రాల కుర్చీలోంచి అవ్వ ఏమిటన్నట్టు చూసింది. సుంకులమ్మకు వాళ్ల భాషలో ఒక్క మాటే దొరికింది: "ఇల్లు." రాళ్లను చూపి, అరచేతులు నెత్తిమీద కప్పులా పెట్టి, దండం పెట్టింది.

అవ్వ కూతురి నోరు మూయించి, కుర్చీని కోట బయట గులకరాళ్ల ఒడ్డుకు తొయ్యమంది. ఉత్తరానికి చెయ్యి చాపి, "ఇల్లు," అంది. యుద్ధంలో కట్టుబట్టలతో వదిలి వచ్చిన ఊరు అటుందని, ఆ ఫొటోలోని ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారని కూతురే చెప్పింది.

అవ్వ వంగలేదు. ఒకరి మొక్కు ఇంకొకరు పేర్చకూడదు. సుంకులమ్మ కుర్చీని ఒక బండ పక్కన నిలిపి, ఒక్కో రాయీ అవ్వ చేతిలో పెట్టి, ఆ వణికే చేతిని తన చేత్తో పట్టి దించింది. రెండుమూడుసార్లు కూలి, ఆఖరుకు రాళ్ల దొంతర నిలిచింది.

సైప్రస్ సంపాదనతో మిద్దె కట్టి, మొన్న పాలు పొంగించిన రోజు సుంకులమ్మ ఫోనులో చూపిస్తే, అవ్వ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కొట్టి కొట్టి, "మరి నాది?" అంది. అప్పటినుంచే సుంకులమ్మకు ఇంట్లో కాలు నిలవడం లేదు.

రాళ్లు పేరుస్తూనే సుంకులమ్మ చెప్పినదంతా విని తిక్కయ్య తల గోక్కున్నాడు. "ఒగరి మొక్కు ఇంగొగరు పేర్సగూడదంటివే?"

"ఆయవ్వ సెయ్యి ఈడిదాకా అందదు గదా. ఇది ఆయవ్వ సెయ్యే అనుకోనీ దేవుడు."

పైరాయి ఊగింది. జీవితమంతా ఎగతాళి చేసిన తిక్కయ్య చిన్న రాతిముక్క ఏరుకొచ్చి సందులో దోపాడు.

"అవ్వ ఊరు ఏ పక్కంటివి?"

"ఉత్తరం."

"అట్లయితే వాకిలి ఆ పక్క పెట్టు," అన్నాడు.